ఇయ్యాల ఏం గోడలొచ్చినయ్?

నేను గోడలు చూసి జీతం తీసుకునే మనిషిని. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం, అందులో ఐదో అంతస్తు, కిటికీకి ఆమడ దూరంలో నా కుర్చీ. పొద్దున ఏడింటికి కూర్చుంటే సాయంత్రం నాలుగు దాకా తెర మీద వీధుల ఫొటోలు వస్తూనే ఉంటాయి. ఏ దేశంలోనో ఒక బండి నెత్తిన కెమెరా పెట్టుకుని సందు సందూ తిరిగి తీసిన ఫొటోలవి. వాటిలో ఏమేం ఉన్నాయో యంత్రానికి నేర్పడం మా పని. మనిషి కనిపిస్తే చుట్టూ డబ్బా గీసి ఒకటి నొక్కాలి. బండికి రెండు, బోర్డుకి మూడు. గోడ మీద ఎవరైనా రంగుతో ఏదైనా గీసి ఉంటే నాలుగు. నాలుగు నొక్కగానే డబ్బా ఎర్రగా మారి, పైన 'డిఫేస్‌మెంట్' అని పడుతుంది. పాడుచేసిన గోడ అని అర్థం. బొమ్మ ఎంత గొప్పదైనా మా దగ్గర దానికి వేరే పేరు లేదు.

ఒక్కో ఫొటోకి పన్నెండు సెకన్లే లెక్క, దాటితే జీతంలో కోత. పంపేశాక అది మళ్లీ రాదు, వెనక్కి వెళ్లే మీట లేదు. ఒకే ఫొటో విడివిడిగా ముగ్గురికి వెళ్తుంది, ముగ్గురిలో ఇద్దరు ఏమంటే అదే ఖాయం. రెండు నిమిషాలు ఏమీ చేయకుండా కూర్చుంటే ఫొటో దానంతటదే మాయమై ఇంకెవరి తెర మీదికో పోతుంది. ఫోన్లు కింద లాకర్లో పెట్టి రావాలి. కాగితం ముక్క, పెన్ను కూడా లోపలికి రానివ్వరు. అందుకని అక్కడ చూసిందేదైనా బయటికి తీసుకుపోవాలంటే బుర్రలో పెట్టుకుని పోవడమొక్కటే దారి.

మొదటి నెల నాకు గోడలంటే చిరాకు. చెత్త రాతలు, అర్థం కాని అక్షరాలు, నాలుగు, నాలుగు, నాలుగు. ఒకరోజు కూల్చేసిన ఇంటి గడప ఒకటి వచ్చింది. ఇల్లు లేదు, గడప పక్కన అరగజం గోడ మిగిలి ఉంది. దాని మొదట్లో నల్ల రంగుతో ఒక జత చెప్పులు. లోపలికి పోయినవాళ్లు విడిచినట్టే ఉన్నాయి. కుడి చెప్పు పట్టీ తెగి ఉంది. పన్నెండు సెకన్లు ఎప్పుడు దాటిపోయాయో నాకు తెలియలేదు.

పది రోజులకు అవే చెప్పులు మంచు పడుతున్న ఊళ్లో కనిపించాయి. ఆ తర్వాత కొబ్బరిచెట్ల ఊళ్లో. కూలిపోయిన ఇల్లు ఎక్కడుంటే అక్కడ, కుడి పట్టీ తెగిన అదే జత. పక్క కుర్చీలో అనంతపురం అమ్మాయి ఉండేది, మణికొండ హాస్టల్ నుంచి వచ్చేది. నేను చూపిస్తే ఆమెకీ పిచ్చి పట్టింది. "ఏం మే, మీ చెప్పులాయన మళ్లా వచ్చినాడు సూడు," అని మోచేత్తో పొడిచేది. అలా ఒక్కొక్కరినీ కనిపెట్టాం. కారే పైపుల కింద చిన్న చిన్న గొడుగులు అచ్చువేసే మనిషి ఒకరు. అది ఆడపిల్లే అయ్యుంటుందని మేమిద్దరం తీర్మానించి 'గొడుగుల పిల్ల' అని పేరు పెట్టాం. కొండ మీది ఊళ్లో మెట్లకి రంగులు వేసినావిడ ఇంకొకరు. పై నుంచి చూస్తే ఉత్త రంగులు, కింద నుంచి చూస్తే ఒక ముసలమ్మ చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోతూ ఉంటుంది. మూతపడ్డ మిల్లు గోడంతా అరచేతులు అచ్చువేసిన వాళ్లు ఉన్నారు. ఏ చేతిలోనూ గీతలు ఒకలా లేవు. వీళ్ల పేర్లేమిటో, ఏ దేశమో మాకు తెలియదు. చెయ్యి మాత్రం తెలుసు. మార్కెట్లో మనవాళ్ల నడక గుర్తుపట్టినట్టు, చూడగానే తెలిసిపోయేది.

ఇదంతా ఇంటికి వెళ్లి మా అన్నకు చెప్పేదాన్ని.

అమ్మానాన్న పోయాక నన్ను చదివించింది మా అన్నే. లింగంపల్లి స్టేషన్ వెనక రెండు గదుల కిరాయి ఇంట్లో ఇద్దరమే ఉండేవాళ్లం. ఆయన పని కూడా గోడలదే. మీరు చూసే ఉంటారు, ప్రహరీల మీద, పిల్లర్ల మీద నల్లటి అచ్చు అక్షరాలు: లేడీస్ హాస్టల్, స్పోకెన్ ఇంగ్లిష్, మొలలకు మందు, కింద ఫోన్ నంబరు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా వాటిలో సగం మా అన్న చేతివే. దవాఖానల్లో పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చి, వాటిని బ్లేడుతో అక్షరాలుగా కోసేవాడు. ఫిల్ము నీళ్లకు నానదు, గోడకు అతుక్కుని కూర్చుంటుంది. ఎడమ అరచేత్తో దాన్ని గోడకు అదిమి, కుడిచేత్తో స్పాంజి ముక్క తీసుకుని రంగు అద్దేవాడు. మా ఇంట్లో గోడకు వేలాడే ఫిల్ముల్లో ఎవరివో పక్కటెముకలు, వాటి మధ్య 'మొలలకు మందు'. చిన్నప్పుడు నా స్నేహితురాళ్లను ఇంటికి పిలిచేదాన్ని కాదు.

నేను గోడల ఉద్యోగంలో చేరాక ఆయనకు నా మీద కొత్త గౌరవం వచ్చింది. సాయంత్రం నేను చెప్పులు విడుస్తుంటేనే అడిగేవాడు.

"ఇయ్యాల ఏం గోడలొచ్చినయే?"

నేను కంచం ముందు కూర్చుని చెప్పేదాన్ని. నాకు చేతులు ఊపకుండా మాట్లాడడం రాదు. ఇంత గొడుగు, ఇట్లా వంగిన పిడి, ఇక్కడ నీటి చుక్క అని గాలిలో గీసేదాన్ని. ఆయన అన్నం కలపడం ఆపి నా చేతుల వంక చూసేవాడు. తిన్నాక ఒక ఫిల్ము ముందు వేసుకుని, నేను చెప్పినదాన్ని కోయడం మొదలుపెట్టేవాడు. ఆ బొమ్మల్ని ఆయన ఒక్కసారీ కళ్లతో చూడలేదు. నా నోటిమాటని బట్టే కోసేవాడు. ఫోన్లో వెతుకుదామంటే పేరు లేని మనిషిని ఏమని వెతుకుతాం?

"లోపలి ముక్క రాలిపోకుంట సన్న పట్టీ ఇడవాలె గదా. గాయన ఎక్కడ ఇడిచిండు?" అని అడిగేవాడు.

అది ఈ పనిలో అసలు కిటుకు. 'ఠ' కోయాలంటే మధ్యలో చుక్క ఉంది కదా, చుట్టూ సున్నా కోసేస్తే చుక్క ఉన్న లోపలి ముక్కంతా ఊడి కింద పడుతుంది. అది పడకుండా ఎక్కడో ఒక సన్నటి పట్టీ వదలాలి. ఆ పట్టీ అచ్చులో తెల్ల గీతగా పడి, ఇది అచ్చు అని చెప్పేస్తుంది. మన అక్షరాలన్నీ గుండ్రాలే కాబట్టి మా అన్న బతుకంతా పట్టీలతోనే గడిచింది.

"ఆ చెప్పుల అచ్చులో నువ్వనే పట్టీ ఎక్కడా కనిపించలేదన్నా," అన్నాను.

ఆయన కంచంలో వేలితో చెప్పు ఆకారం గీసి చూసుకున్నాడు. "తెగిన చెప్పు అన్నవు జూడు, గా తెగిన కాడ దాచిండు. మస్తు మనిషి. పట్టీ ఎక్కడ ఇడిచిండో దొర్కకపోతే వాడు ఉస్తాద్ అన్నట్టు." ఎక్కడో మంచు దేశంలో ఉన్న మనిషిని మెచ్చుకుంటూ ఆ రోజు ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

ఆ తర్వాత ఆయనకో ఆశ పుట్టింది. "మన హైదరాబాద్ రాదా మీకు? ఎప్పుడన్న నా గోడ రావాలె. నువ్వు చూడాలె," అనేవాడు. నేను నవ్వేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు. గోడల మీద ప్రకటన అచ్చువేశాక కింద తన బొమ్మ ఒకటి వేయడం మొదలుపెట్టాడు. ఒకచోట పిచ్చుక, ఒకచోట టిఫిన్ డబ్బా, ఒక లేడీస్ హాస్టల్ నంబరు కింద గొడుగు. ఆ హాస్టల్ ఓనర్ ఫోన్ చేసి చెడామడా తిట్టాడు. "నా హాస్టల్ల నీళ్లు కారుతున్నయని ఊరంత చెప్తున్నవా?" అని. ఆ పని పోయింది. మా అన్నకి పని పోయిన బాధ కంటే, ఎవరో తన గొడుగు చూశారన్న సంబరమే ఎక్కువ.

నా నోరు మంచిది కాదు. చిన్నప్పటి నుంచీ అంతే. కోపం వస్తే ఎదుటివాళ్లకు ఎక్కడ తగులుతుందో చూసి మరీ అంటాను. ఒకరోజు ఆఫీసులో నన్ను పిలిచి, మీరు గోడల దగ్గర మరీ ఆగిపోతున్నారండి, ఇలాగైతే వేరే పనికి మారుస్తామండి అన్నారు. ఒళ్లు మండిపోతూ ఇంటికి వచ్చాను. గుమ్మంలోనే మా అన్న ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చెల్లె, జర గిట్ల పక్కకు తిరిగి కూసో. ఒక్క ఫొటో."

"ఎందుకు?"

"ఉన్నది తియ్. కంచం ముందట కూసుంటవ్ జూడు, గట్ల."

ఇక నాకు ఆగలేదు. "పొద్దంత గోడలే, ఇంటికొస్తే గోడలే. నీ బొమ్మల పిచ్చితోని నా నౌకరీ పోయేటట్టున్నది. వాళ్లు ఆర్టిస్టులు అన్నా. నువ్వు మొలల మందోనివి. నీ గోడ వచ్చిందనుకో, నేను నాలుగే నొక్కుత. పాడుచేసిన గోడ అనే రాస్త," అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. ఫోన్ జేబులో పెట్టుకుని, "సరే తియ్. తిను, సల్లారిపోతది," అన్నాడు. అంతే. తిరిగి తిట్టినా బాగుండేది.

మర్నాడు సాయంత్రం చెప్పులు విడుస్తూ ఆగాను. ఆయన అడగలేదు. 'తిన్నవా', 'తలుపు గడియ పెట్టుకో', ఇవే మాటలు. ఇయ్యాల ఏం గోడలొచ్చినయ్ అన్న మాట మళ్లీ మా ఇంట్లో వినపడలేదు. నాకు నేనుగా చెప్పొచ్చు కదా? అడిగితే చెబుదాం అనుకున్నాను. రేపు అడుగుతాడులే అనుకున్నాను. గొడుగుల పిల్ల ఆ వారంలో రెండుసార్లు వచ్చింది, ఒక గొడుగు తిరగబడి ఉంది, అందులో పక్షి గూడు పెట్టింది. ఆ బొమ్మ చెబితే మా అన్న ఎగిరి గంతేసేవాడు. బెట్టు చేసి చెప్పలేదు. ఇలా మూడు వారాలు.

నాలుగో వారంలో ఒక పొద్దున గచ్చిబౌలి వైపు సర్వీస్ రోడ్డు మీద, గోడ దగ్గర వంగి రంగు కలుపుకుంటున్న మా అన్నను వెనక్కి వస్తున్న వాటర్ ట్యాంకర్ కొట్టింది. నా ఫోన్ లాకర్లో ఉంది. పదిన్నరకి టీ తాగుదామని కిందికి దిగి చూస్తే తెలియని నంబర్ల నుంచి పద్దెనిమిది కాల్స్ ఉన్నాయి. నేను దవాఖానకి చేరేసరికి అయిపోయింది. చేతి వేళ్ల మీద నల్ల రంగు ఇంకా పచ్చిగానే ఉంది.

పెద్దకర్మ అయిన మర్నాడు ఇల్లు సర్దాను. రంగు వాసన భరించలేకపోయాను. మంచం కింద ఫిల్ములు చుట్టలు చుట్టి, తాడు కట్టి ఉన్నాయి. ఒక్కటీ విప్పి చూడలేదు. పాత సామాన్ల బండివాడు వస్తే మొత్తం కట్ట ఎత్తి ఇచ్చేశాను. వాటిని కరగబెడితే వెండి వస్తుందట, సంతోషంగా తీసుకుపోయాడు.

ఆరు నెలలు గడిచాయి. వానాకాలంలో ఒకరోజు తెర మీద మెట్రో పిల్లరు వచ్చింది. పిల్లరు మీద తెలుగు అక్షరాలు. మా హాలంతా ఒక్కసారి గోలగోలైంది. ఇదిగో మా మెస్సు, ఇదిగో మా బస్టాపు అని ఎవరికి వాళ్లే. మా ఊరు మాకే వచ్చింది, ఎప్పుడో ఆరేడు నెలల కింద తీసిన ఫొటోల్లో. ఇప్పుడొచ్చింది, అడిగే మనిషి పోయాక.

నేను ఇక ఆగకుండా నొక్కడం నేర్చుకున్నాను అప్పటికి. చూస్తే కదా బాధ. కళ్లు గోడ మీద, వేళ్లు మీట మీద, మనసు ఇంకెక్కడో. మూడో రోజు మధ్యాహ్నం ఒక బూడిదరంగు గోడ వచ్చింది, మధ్యలో నల్లటి బొమ్మేదో ఉంది. డబ్బా గీశాను, నాలుగు నొక్కాను. పక్కన మనిషి ఉన్నాడు, వీపు ఇటువైపు. డబ్బా గీశాను, ఒకటి నొక్కాను. పంపేశాను. ఫొటో పక్కకి జారిపోతుంటే అప్పుడు చూశాను. నీలం గళ్ల చొక్కా. కాలర్ కింద నల్ల మరక, నేను ఎంత ఉతికినా పోనిది. ఎడమ చేతిలో వేలాడుతున్న ఫిల్ము.

తర్వాతి ఫొటో వచ్చేసింది, అరటిపళ్ల బండి. నేను అరిచానట. నాకు గుర్తు లేదు.

మా టీమ్ లీడ్ కాకినాడ ఆయన, మెత్తటి మనిషి. "పంపేసిన ఫొటో మాకు కూడా కనపడదండి. నేనేం చేయగలనండి," అని నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అనంతపురం అమ్మాయే ఆలోచన చెప్పింది. ఫొటో ముగ్గురికి పోతుంది కదా, ఇంకా ఇద్దరికి రావాలి. వాళ్లు మన హాల్లోనే ఉండొచ్చు. టీమ్ లీడ్ లేచి నిలబడి అందరికీ చెప్పాడు. నీలం గళ్ల చొక్కా, బూడిదరంగు గోడ, వీపు. ఎవరికి వస్తే వాళ్లు చెయ్యి కదపకుండా ఆమెను పిలవండి, రెండు నిమిషాలు ఉంటుంది అన్నాడు.

మా అన్నను ఇంకొక్కసారి చూడాలి. ఏం బొమ్మ వేశాడో చూడాలి. నాకు వేరే ఏమీ అక్కర్లేదు ఆ రోజుల్లో. చూసి కూడా చూడకుండా డబ్బా గీసినదాన్ని, ఆ నల్లటి ఆకారం ఏమిటో ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు.

మర్నాటి నుంచి నన్ను పిలుస్తూనే ఉన్నారు. పరుగెత్తేదాన్ని. సున్నం వేసేవాడు, పోస్టర్లు అంటించేవాడు, ఆటో ఆపి గోడ దగ్గర పని కానిచ్చేవాడు. గోడకు మొహం పెట్టి నిలబడే మగాళ్లు మన ఊళ్లో తక్కువా? ఒక కుర్రాడు సిగ్గుపడుతూ, "సారీ అక్కా, గళ్ల చొక్కా అని పిలిచిన," అన్నాడు. నవ్వాను. ఆరు నెలల్లో అదే మొదటిసారి అనుకుంటాను.

నాలుగో రోజు, భోజనాల వేళ, మంచినీళ్ల దగ్గర ఉన్నాను.

"బిర్నా రా మే," అంది అనంతపురం అమ్మాయి. తొందరగా రమ్మనే మాటని గట్టిగా కూడా అనలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

వెళ్లి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాను. తెర మూలన అంకెలు వెనక్కి నడుస్తున్నాయి, నిమిషం నలభై.

మా అన్నే. రంగు అద్దేసి, ఫిల్ము తీసి, రెండడుగులు వెనక్కి వచ్చి తల కొంచెం పక్కకి వంచి చూసుకుంటున్నాడు. కూర బాగా కుదిరిందో లేదో చూసేటప్పుడు కూడా అలాగే వంచేవాడు. గోడ మీద ప్రకటన లేదు, ఫోన్ నంబరు లేదు. ఒక్క బొమ్మే ఉంది. నేల మీద బాసింపట్టు వేసుకుని, పక్కకి తిరిగి కూర్చున్న ఒక అమ్మాయి. మెడలో ఆఫీసు కార్డు. ముందు కంచం. రెండు చేతులూ పైకెత్తి గాలిలో ఏదో చూపిస్తోంది, ఇంత గొడుగు అన్నట్టు.

నేను ఫొటో ఇవ్వలేదు కదా. ఆ తిట్టిన రోజు తర్వాతే ఇది కోసి ఉండాలి, మాట్లాడుకోని ఆ మూడు వారాల్లో. తలచుకుని కోశాడు. చెప్పులాయన చెప్పుల్ని నా మాటలు పట్టుకుని కోసినట్టు, నన్ను కూడా చూడకుండానే కోశాడు. నా ముక్కు కొంచెం పెద్దదిగా వేశాడు, అదీ నిజమే. చేతివేళ్ల మధ్య, జడ దగ్గర, కంచం అంచున, అన్నిచోట్లా వెతికాను. లోపలి ముక్కలు రాలకుండా పట్టీలు ఎక్కడ వదిలాడో నాకు దొరకలేదు.

ఆ ఫిల్ము నేను బండివాడికి ఇచ్చిన కట్టలో ఉండే ఉంటుంది. తర్వాత రెండు నెలల ఆదివారాలు లింగంపల్లి నుంచి గచ్చిబౌలి దాకా నడిచాను, ఆ గోడ కనపడలేదు. బూడిదరంగు గోడకి గుర్తేముంటుంది, అన్నీ బూడిదరంగు గోడలే.

"నేనేం పెట్టల్ల మే?" అని అడిగింది ఆ అమ్మాయి, నా వైపు తిరగకుండానే. ముప్పై సెకన్లు ఉన్నాయి. నేనింకా పట్టీలే వెతుకుతున్నాను. ఆమె చేతులు ఒళ్లోంచి తీయలేదు. జీతంలో ఏం కోసుకుంటారో కోసుకోనీ అన్నట్టు బిగుసుకుని కూర్చుంది. హాలంతా ఎవరూ మీట నొక్కడం లేదు. అంకెలు సున్నాకి వచ్చాయి. మా అన్న, గోడ, గోడ మీద నేను, మూడూ కలిసి పోయాయి.

ఆమె ఏమీ పెట్టలేదు కాబట్టి అది ఇంకెవరికో వెళ్లి ఉంటుంది. ఇంకెవరో ఏదో పెట్టి ఉంటారు. ఆ క్షణానికి మాత్రం, నాకు తెలిసి, మా అన్న బొమ్మ చుట్టూ ఉన్నది ఒక్కటే డబ్బా. ఎర్రది. అది నేను గీసిందే.